థీసిస్‌లో ఏముంది? డాక్టరేట్ పరిశోధనను నలుగురికీ చెప్పే తీరుతెన్నులు

డాక్టరేట్ సిద్ధాంత వ్యాసం చాలా కొద్దిమంది కోసం రాసే పుస్తకం. గైడ్, ఇద్దరు ముగ్గురు పరీక్షకులు, ఆపైన అదే అంశం మీద పనిచేసే మరికొందరు స్కాలర్లు. మామూలుగా దాన్ని చదివేది వీళ్లే. నాలుగైదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పట్టిన పని కొన్ని వందల పేజీలుగా బైండై విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరుతుంది. దానికి అయిన ఖర్చులో చాలా భాగం ప్రజల డబ్బే. అందులో ఏముందో బయటివాళ్లకు ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి, ఎంతవరకు చెప్పగలరు అన్న ప్రశ్నకు అన్ని శాస్త్రాలకూ సరిపోయే ఒకే జవాబు లేదు. భాషాశాస్త్రంలో ఎదురయ్యే చిక్కు వేరు, గణితంలో వేరు, వైద్యంలో మరీ వేరు.

ఈ తేడాలన్నీ ఒకేచోట కనిపించే ప్రాంతం రేణిగుంట చుట్టుపక్కల ఉంది. పది కిలోమీటర్ల దూరంలోని తిరుపతిలో 1954లో మొదలైన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, వైద్య సంస్థ స్విమ్స్, వేద విశ్వవిద్యాలయం, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్నాయి. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి వైపు వెళ్తే ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ కనిపిస్తాయి. రెండూ 2015లో మొదలయ్యాయి. సొంత ప్రాంగణాలు కట్టుకునేదాకా రేణిగుంట రోడ్డులో ఒకటి, కరకంబాడి రోడ్డులో ఒకటి ఇంజనీరింగ్ కళాశాలల ఆవరణల్లో నడిచాయి. తిరుపతికి ఇంకో పక్క గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. పాణినీయం మీద, పిడుగుల మీద, పశువుల పిండమార్పిడి మీద, సంఖ్యాశాస్త్రం మీద పనిచేసే స్కాలర్లు ఒకే బస్సులో ప్రయాణించే ప్రాంతం ఇది. ఆ బస్సులో పక్క సీటు మనిషి ‘మీరు చేసేదేంది?’ అని అడిగితే చాలామంది స్కాలర్లు సబ్జెక్టు పేరు చెప్పి ఊరుకుంటారు.

పత్రికలు కూడా దాదాపు అక్కడే ఆగుతాయి. జిల్లా పేజీల్లో ‘ఫలానావారికి డాక్టరేట్’ అనే వార్త తరచూ వస్తుంది. అందులో ఫొటో ఉంటుంది, ఏ గైడ్ పర్యవేక్షణలో చేశారో ఉంటుంది, ప్రిన్సిపాల్, సహోద్యోగులు అభినందించారని ఉంటుంది. థీసిస్ పేరు ఇంగ్లీషులో ఉంటే దాన్ని మాటకు మాట తెలుగు చేస్తారు, లేదా తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు దింపుతారు. ఆ పేరును బట్టి పరిశోధనలో ఏం తేలిందో ఊహించడం అసాధ్యం. తప్పు విలేకరి ఒక్కడిదే కాదు. అతని చేతికి అందిన ప్రకటనలోనూ అంతకు మించి ఉండదు. నిజానికి ఇంకో రెండు వాక్యాలు చేరిస్తే చాలు. ఈ పనికి ముందు తెలియనిది ఏమిటి, ఇప్పుడు ఏ ఆధారంతో తెలిసింది అన్న రెండూ ఉంటే అభినందన వార్త కాస్తా పరిశోధన వార్త అవుతుంది.

నిబంధనల ప్రకారం చూస్తే తలుపులు మూసి లేవు. విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషన్ 2009 నిబంధనల నుంచీ థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించడం తప్పనిసరి అయింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో వాటిని ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష, అంటే వైవా కూడా బహిరంగంగానే జరగాలి. అయితే బహిరంగ వైవాకు వచ్చేది శాఖలోని అధ్యాపకులు, జూనియర్ స్కాలర్లు, అభ్యర్థి కుటుంబం. ఇంట్లోవాళ్లు ముందు వరుసలో కూర్చుని అరగంట సేపు స్లయిడ్లు చూస్తారు, చివర చప్పట్లు కొట్టి స్వీట్లు పంచుతారు. అభ్యర్థి మాత్రం పరీక్షకుణ్ణి చూస్తూ మాట్లాడతాడు. అతను ఒప్పించాల్సింది పరీక్షకుణ్ణే కాబట్టి అందులో తప్పేమీ లేదు. థీసిస్‌కు ముందు సమర్పించే సంగ్రహం, అంటే సినాప్సిస్‌దీ అదే స్థితి. నిపుణుడికి సంగ్రహంగా చెప్పడం, నిపుణుడు కానివాడికి విడమరిచి చెప్పడం వేర్వేరు పనులు. మొదటిదాన్ని కుదిస్తే రెండోది రాదు.

సామాన్య పాఠకుల దగ్గరికి నేరుగా వెళ్లిన సిద్ధాంత వ్యాసాలు తెలుగులో ఉన్నాయి. ఎక్కువగా అవి సాహిత్యం, జానపదం, భాష మీద చేసినవి. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన పుస్తకమై, ఆ రంగంలో పనిచేయాలనుకున్న ప్రతివారికీ మొదటి మెట్టయింది. సి.నారాయణరెడ్డి ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ కూడా డాక్టరేట్ పనే. ఎంఏ విద్యార్థులే కాక కవిత్వం మీద ఆసక్తి ఉన్న మామూలు పాఠకులూ దాన్ని చదివారు. తిరుపతికి మరీ దగ్గరి ఉదాహరణ కేతు విశ్వనాథరెడ్డిది. కథకుడిగా పేరుపొందిన ఆయన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ కోసం ఎంచుకున్నది కడప జిల్లా ఊర్ల పేర్లు. ‘కడప ఊర్ల పేర్లు’ పుస్తకంగా 1976లో వచ్చింది.

ఊరి పేరు మీద పరిశోధన అంటే వినేవాడికి పరిచయం అక్కర్లేదు. ప్రతి ఊరికీ ఒక కథ ఉంటుంది, దాన్ని చెప్పడానికి ప్రతి ఊళ్లోనూ ఒక పెద్దాయన ఉంటాడు. పరిశోధకుడికి ఇబ్బంది వచ్చేదీ ఇక్కడే. జనం నోట ఉన్న కథకూ పేరు అసలు పుట్టుకకూ చాలాసార్లు పొంతన ఉండదు. గుంట, చెరువు, కోన, పల్లె, పాళెం, పేట లాంటి చివరి మాటలు ఏ నేలలో, ఏ నీటి దగ్గర, ఏ కాలపు శాసనాల్లో గుంపుగా కనిపిస్తున్నాయో లెక్కవేసి చూస్తే వలసలు, వ్యవసాయం, పాలన గురించి ఎన్నో తెలుస్తాయి. అంటే పరిశోధన బలం ఏ ఒక్క పేరుకో అర్థం చెప్పడంలో లేదు, వందల పేర్లను పక్కపక్కన పెట్టడంలో ఉంది. జనానికి చెప్పేటప్పుడు మాత్రం విడి పేరు కథే ముందుకు తోసుకొస్తుంది. తెలిసిన వస్తువు మీద పనిచేసే శాస్త్రాలన్నిటికీ ఈ చిక్కు ఉంది. వినేవాడి ఆసక్తిని ప్రత్యేకంగా రేపాల్సిన అవసరం లేదు. తనకు ముందే తెలుసనుకున్నదాన్ని అతను కాసేపు పక్కన పెట్టేలా చేయడమే కష్టం.

భాషాశాస్త్రంలో ఈ పనిని బాగా చేసినవాళ్లు ఇద్దరున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తెలుగు క్రియాధాతువుల మీద చేసిన పరిశోధన 1961లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. అది నిపుణులు చదివే పుస్తకం. అయితే దాదాపు అదే కాలంలో ఆయన చేపట్టిన మాండలిక వృత్తి పదకోశం రైతుల దగ్గరికి, తర్వాత నేతపనివారి దగ్గరికి వెళ్లి వాళ్ల మాటలను జిల్లాలవారీగా సేకరించింది. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వెలువడింది. కార్నెల్‌లో డాక్టరేట్ చేసిన చేకూరి రామారావు దారి ఇంకొకటి. వాక్యాలు ఒక రూపం నుంచి ఇంకో రూపానికి ఎలా మారతాయో చూసే, అప్పటికి కొత్తదైన పరివర్తన వ్యాకరణాన్ని ‘తెలుగు వాక్యం’ (1975)లో తెలుగు వాక్యాలతోనే వివరించాడు. ఉదాహరణలు ఇంట్లో మాట్లాడుకునే వాక్యాలు కావడంతో సిద్ధాంతం తెలియనివాడు కూడా ప్రతి వాక్యాన్నీ తన చెవితో తూచుకోగలడు. సాక్ష్యం పాఠకుడి నాలుక మీదే ఉండటం భాషాశాస్త్రానికి మాత్రమే దక్కిన అదృష్టం.

సంస్కృత విశ్వవిద్యాలయంలో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. వ్యాకరణం, న్యాయం, ఆగమం, జ్యోతిషం లాంటి శాఖల్లో సిద్ధాంత వ్యాసాలు చాలావరకు సంస్కృతంలోనే రాస్తారు. బయట ప్రవచనాలు వినే జనానికి కొదవలేదు, తిరుపతిలో అసలే లేదు. అయితే ప్రవచనకారుడు గ్రంథం ఏం చెబుతోందో చెబుతాడు. ఆ శ్లోకానికి ఏ తాళపత్ర ప్రతిలో ఏ పాఠం ఉంది, ఏ వ్యాఖ్యాత ఎందుకు విభేదించాడు, ఏ భాగం తర్వాత చేరింది అని అడిగేది పరిశోధకుడు. సభలో కూర్చున్నవాడికి ఈ ప్రశ్నలు భక్తికి అడ్డు అనిపించవచ్చు. అందుకే ఈ రంగంలో ఎంతో పని జరుగుతున్నా బయటికి వినిపించేది ప్రవచనమే.

భూమి, ఆకాశం మీద చేసే పరిశోధనలో కష్టం వేరే రకంగా ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డులో రోజూ వేలమంది ఒక భూవైజ్ఞానిక అద్భుతం పక్కనుంచే వెళ్తుంటారు. కింద గ్రానైట్, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్. రెండూ కలిసే గీత దగ్గర భూమి చరిత్రలో పెద్ద ఖాళీ ఉంది. భూవిజ్ఞానులు దాన్ని 50 నుంచి 80 కోట్ల ఏళ్లుగా లెక్కగడతారు. ఆ కాలానికి చెందిన రాయి అక్కడ లేదు. ఒకవేళ ఏర్పడి ఉన్నా కోతకు గురై పోయింది. ఈ సంగతి చెప్పగానే వినేవాడు ‘అన్ని కోట్ల ఏళ్లా!’ అని ఆశ్చర్యపోతాడు, వివరణ చాలాసార్లు ఆ ఆశ్చర్యంతోనే అయిపోతుంది. రాతిలోని రేడియోధార్మిక మూలకాలు తెలిసిన వేగంతో మారిపోతుంటాయనీ, మారినదీ మిగిలినదీ కొలిస్తే వయసు వస్తుందనీ చెప్పడానికి ఇంకో నాలుగు వాక్యాలు పడతాయి. ఆ నాలుగూ లేకపోతే 80 కోట్ల ఏళ్లన్న మాటకూ పురాణంలోని యుగాల లెక్కకూ వినేవాడి దృష్టిలో తేడా ఉండదు.

పైగాలులను కొలిచే గాదంకి ఎంఎస్‌టీ రాడార్ విషయంలో చూడటానికి రాయి కూడా ఉండదు. కొండల నడుమ 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల స్థలంలో 1,024 యాగీ యాంటెనాలు వరుసల్లో నిలబడి ఉంటాయి. పాత ఇళ్ల మీది టీవీ యాంటెనాల పొలంలా కనిపిస్తుంది. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపుతారు. మబ్బు, వాన, విమానం ఏమీ లేని శుభ్రమైన ఆకాశం నుంచి కూడా ప్రతిధ్వని వస్తుంది. గాలిలోని సుడుల వల్ల ఉష్ణోగ్రత, తేమ చోటుచోటుకీ కొద్దిగా మారుతుంటాయి. దాదాపు మూడు మీటర్ల పరిమాణంలోని ఆ మార్పులు, అంటే తరంగదైర్ఘ్యంలో సగం ఉన్నవి, తరంగాన్ని అతి బలహీనంగా వెనక్కి పంపుతాయి. తిరిగొచ్చిన తరంగం పౌనఃపున్యంలో తేడాను బట్టి ఆ గాలి ఎటు, ఎంత వేగంతో కదులుతోందో తెలుస్తుంది. రేణిగుంట జంక్షన్‌లో ఆగకుండా పోయే రైలు కూత ప్లాట్‌ఫాం దాటగానే స్వరం తగ్గినట్టు వినిపించడానికి కారణం కూడా ఇదే సూత్రం. తొంభైల నుంచి ఎందరో స్కాలర్లు ఈ రాడార్ ఇచ్చిన కొలతలతో డాక్టరేట్లు చేశారు. వాళ్ల పనిని వివరించడంలో తొలి అడుగు ఫలితం కాదు, పరికరం. ‘రుతుపవనాల వేళ పైగాలి ఇలా మారుతుంది’ అన్న వాక్యం పొడిగా ఉంటుంది. కంటికి కనిపించని గాలిని కింద నిలబడి ఎలా కొలిచారో తెలిశాకే దానికి విలువ వస్తుంది.

వ్యవసాయ పరిశోధనకు వినేవాళ్లు ముందే సిద్ధంగా ఉంటారు. 1975-76 ప్రాంతంలో శ్రీకాళహస్తి చుట్టుపక్కల వేరుశెనగ పొలాల్లో ఒక కొత్త జబ్బు కనిపించింది. మొక్క గిడసబారి ఉంటుంది, ఆకు మాత్రం మామూలు కంటే ముదురు పచ్చగా ఉంటుంది. పీకి చూస్తే ఊడల మీద, లేత కాయల మీద గోధుమ పసుపు మచ్చలు, వాటి అంచులు కొంచెం ఉబ్బి ఉంటాయి. ముదిరితే కాయ అంతా నల్లబడి చిన్నదైపోతుంది. దానికి కాళహస్తి తెగులు అనే పేరే స్థిరపడింది. నేల చెడిందా, బూజు పట్టిందా, నీళ్లలో లోపమా అన్న అనుమానాలు ఇలాంటి చోట సహజం. కారణం నేలలో ఉండే నులిపురుగని తేలింది. శాస్త్రీయ నామం టైలెంకోరింకస్ బ్రెవిలినియాటస్, కంటికి ఆనదు.

ఈ కథను రైతుకు చెప్పేవాళ్లు సాధారణంగా జబ్బు పేరు, మందు పేరు, తట్టుకునే రకం పేరు చెబుతారు. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన రకాల్లో ‘కాళహస్తి’ అనే పేరుగలదే ఒకటుంది. రైతుకు అక్కరకొచ్చేది అదే, నిజమే. అయితే మధ్యలో జరిగే పని కూడా రైతుకు ఇట్టే అర్థమయ్యేదే. జబ్బు నేలలోంచి పురుగును వేరుచేస్తారు. శుభ్రం చేసిన మట్టి కుండీల్లో వేరుశెనగ వేసి, కొన్నిటిలో పురుగును వదులుతారు, కొన్నిటిని ఊరికే ఉంచుతారు. పురుగు వదిలిన కుండీల్లోనే అవే మచ్చలు వచ్చి, ఆ కాయల నుంచి మళ్లీ అదే పురుగు దొరికితే అప్పుడు కారణం తేలినట్టు. రెండు మడులు వేసి తేడా చూడటం రైతుకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. ఈ భాగం విన్న రైతు రేపు ఎవరైనా వచ్చి ఫలానా పొడి చల్లితే తెగుళ్లన్నీ పోతాయంటే ‘చల్లని మడి ఏదీ?’ అని అడగగలడు.

వివరించి చెప్పడానికి విడిగా ఒక యంత్రాంగమే ఉన్న రంగం కూడా వ్యవసాయమే. రేణిగుంట మండలంలో కరకంబాడి దగ్గర రాస్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే కృషి విజ్ఞాన కేంద్రం లాంటివి పరిశోధన స్థానానికీ పొలానికీ మధ్య పనిచేస్తాయి. ప్రదర్శన క్షేత్రాలు, ఆకాశవాణి రైతు కార్యక్రమాలు, 1969లో మొదలైన ‘అన్నదాత’ లాంటి పత్రికలు దీనికి తోడు. చరిత్రకో, రసాయన శాస్త్రానికో ఇలాంటి ఏర్పాటు ఏదీ లేదు. అక్కడ ఎవరి ఓపికను బట్టి వారు చెప్పుకోవాలి.

ప్రయోగశాలలో జరిగే జీవశాస్త్ర, ఔషధ పరిశోధనలో తక్కువ చెప్పడం కన్నా ఎక్కువ చెప్పడమే ప్రమాదం. శేషాచలం అడవి మొక్క సారం గాజుపాత్రలోని కణాల మీద పనిచేసిందంటే అది మనిషి మీద పనిచేస్తుందని కాదు. కణాల నుంచి జంతువులకు, జంతువుల నుంచి మనుషులకు వెళ్లే దారిలో ఎక్కువ పదార్థాలు రాలిపోతాయి. శీర్షికలో ‘మందు కనుగొన్నారు’ అని పడితే పాఠకుడు ఆ చెట్టు బెరడు కోసం వెతుకుతాడు. ఇక్కడ పరిశోధకుడు పట్టుబట్టి చేర్చించాల్సిన మాట ఒకటే, ప్రయోగం దేనిమీద జరిగిందన్నది.

గణితానికి ఈ ప్రమాదం లేదు, ఆధారం కూడా లేదు. చూపించడానికి రాయి, కాయ, కణం ఏవీ ఉండవు. ప్రశ్న అర్థమయ్యేలా చెప్పగలిగిన సందర్భాలే అరుదు. ఫెర్మా చివరి సిద్ధాంతం అలాంటిది. ప్రశ్న హైస్కూలు పిల్లలకు తెలుస్తుంది, 1995లో ప్రచురితమైన ఆండ్రూ వైల్స్ రుజువు గణితజ్ఞుల్లోనే కొద్దిమందికి తెలుస్తుంది. మిగతా చాలా సిద్ధాంత వ్యాసాల్లో ప్రశ్నను చెప్పడానికే ఏడాది పాఠాలు కావాలి. అలాంటి చోట ఆ రంగం చరిత్రను, ఆ ప్రశ్న ఎక్కడినుంచి పుట్టిందన్నదాన్ని చెప్పి ఊరుకోవడమే నిజాయితీ. బలవంతంగా ఉపమానాలు తెస్తే వినేవాడికి అర్థమైందన్న భ్రమ తప్ప ఏమీ మిగలదు.

స్కాలర్ల చేతనే చెప్పించడానికి పుట్టిన పోటీల్లో పేరున్నది ‘త్రీ మినిట్ థీసిస్’. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. అప్పట్లో అక్కడ కరువు. స్నానం మూడు నిమిషాల్లో ముగించమని జనం స్నానాల గదుల్లో ఇసుక గడియారాలు పెట్టుకునేవారు. ఆ గడువే పోటీకీ వచ్చింది. మూడు నిమిషాలు, కదలని ఒక్క స్లయిడు, నిపుణులు కాని శ్రోతలు. ఇప్పుడు అది ఎనభైకి పైగా దేశాలకు పాకింది. అదే ఏడాది మొదలైన ‘డాన్స్ యువర్ పీహెచ్‌డీ’లో పరిశోధనను నృత్యంగా చూపాలి. భారత ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం 2018లో తెచ్చిన ‘అవ్‌సర్’ పోటీలో డాక్టరేట్, పోస్ట్‌డాక్టరల్ పరిశోధకులు తమ పని మీద జనరంజక వ్యాసం రాయాలన్నది నియమం. డాక్టరేట్ విభాగంలో మొదటి బహుమతిగా లక్ష రూపాయలు ప్రకటించారు. వీటివల్ల స్కాలర్‌కు మేలు కచ్చితం. తన పని ఏమిటో తనకే స్పష్టమవుతుంది. శ్రోతకు కలిగే మేలు మాత్రం పరిమితం. మూడు నిమిషాల్లో ప్రశ్న, ఫలితం పడతాయి. ఆధారం, సందేహం పట్టవు. గెలవాలనే ఒత్తిడిలో ఫలితం ఉన్నదానికంటే పెద్దదిగా వినిపిస్తుంది.

నిడివి గల రచనకు తెలుగులో వందేళ్లకు పైబడిన పరంపర ఉంది. 1906లో హైదరాబాదులో ఏర్పడి తర్వాత మద్రాసుకు మారిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రతో పాటు శాస్త్ర గ్రంథాలనూ తెలుగులో తెచ్చింది. తర్వాతి తరాల్లో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ శాస్త్రవేత్త మహీధర నళినీమోహన్ ‘టెలిఫోన్ కథ’, ‘క్యాలెండర్ కథ’ లాంటివి రాశాడు. భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ పరిణామం నుంచి సంగీతం దాకా రాశాడు. అమెరికాలో ఆచార్యుడైన వేమూరి వేంకటేశ్వరరావు ‘జీవరహస్యం’, ‘రసగంధాయ రసాయనం’ ఇచ్చాడు. వీళ్లు పరిశోధకులు. ‘విశ్వరూపం’, ‘నరావతారం’ రాసిన నండూరి రామమోహనరావు పత్రికా సంపాదకుడు. పాఠకాదరణలో ఆయన ఎవరికీ తీసిపోలేదు. నిపుణుడే రాయాలన్న వాదనను ఈ ఒక్క ఉదాహరణే చాలావరకు పలచన చేస్తుంది. అయితే వీళ్లందరూ రాసింది ఎక్కువగా స్థిరపడిన విజ్ఞానం గురించి. నిన్నమొన్న ముగిసిన, ఇంకా వివాదంలో ఉండే ఒక థీసిస్ గురించి అంత ఓపికగా రాసినవి తెలుగులో అరుదు. పారిభాషిక పదాల కొరతను ఇందుకు కారణంగా చూపడం వాడుక. అది పూర్తి కారణం కాదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పదకోశాలు ఉన్నాయి, అవి నప్పని చోట పాఠకుడికి అలవాటైన ఇంగ్లీషు మాట ఉంది. విశ్వవిద్యాలయంలో పదోన్నతికి జర్నల్ వ్యాసం లెక్కకొచ్చినంతగా తెలుగు పత్రికలో రాసిన వ్యాసం లెక్కకు రాకపోవడం అంతకంటే గట్టి కారణం.

పరిశోధనను సామాన్యుడికి అతని భాషలో చెప్పి తీరాలని నియమమే ఉన్న చోటు ఒకటుంది. దాన్ని పోటీలవాళ్లూ పత్రికలవాళ్లూ పెద్దగా పట్టించుకోలేదు. మనుషుల మీద జరిగే వైద్య పరిశోధనలో పాల్గొనేవారికి సమాచార పత్రం ఇవ్వాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాల ప్రకారం అది వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. దేనికోసం చేస్తున్నారు, ఎంత రక్తం తీస్తారు, నష్టం ఏమైనా ఉందా, ఇష్టం లేకపోతే మధ్యలో మానుకోవచ్చా అన్నవి అందులో రాయాలి. చదవడం రానివారికి సాక్షి ఎదుట చదివి వినిపించాలి. పరిశోధనకు అనుమతి ఇచ్చే నైతిక సంఘం ఆ తెలుగు ప్రతిని కూడా చూసి ఆమోదిస్తుంది. స్కాలర్ రాసే వాటన్నిటిలో ‘ఇది ఆస్పత్రికి వచ్చిన మనిషికి అర్థమవుతుందా?’ అని ఇంకొకరు తనిఖీ చేసేది ఈ రెండు మూడు పేజీలనే. వీటిలో బాగా రాసినవి ఏ జనరంజక వ్యాసానికీ తీసిపోవు, ఎందుకంటే అర్థం కాకపోతే అవతలి మనిషి సంతకం పెట్టడు. అయితే ఆ పత్రం పని పరిశోధన మొదట్లోనే అయిపోతుంది. మూడేళ్ల తర్వాత ఫలితం తేలినప్పుడు అది జర్నల్‌కు వెళ్తుంది, థీసిస్‌కు వెళ్తుంది, శోధగంగకు ఎక్కుతుంది. రక్తం ఇచ్చినవారికి అదే తెలుగులో ఇంకో పేజీ రాసి పంపడం ఇంకా ఆనవాయితీ కాలేదు.